వీల్‌చెయిర్ కంపెనీలో పుట్టిన డర్ట్ బైక్

మా బాబాయ్‌కి రెండు కాళ్లూ పోలియో. అయినా నరసరావుపేటలో ఆయన పేరున్న బైక్ మెకానిక్. షెడ్డులో చిన్న పీట మీద కూర్చుని, రోడ్డు మీద పోతున్న బండి సౌండ్ విని ‘దానికి రింగులు పోయినయ్‌రా’ అని చెప్పేసే రకం. నలభై ఏళ్లలో కొన్ని వేల బళ్లు బాగు చేసి ఉంటాడు. ఒక్కదాన్ని కూడా తను కిక్ కొట్టి స్టార్ట్ చేయలేదు. కొట్టలేడు. ఆ పని ఎప్పుడూ పక్కనున్న కుర్రాడిది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో ఆ కుర్రాణ్ని నేనే.

ఇప్పుడు నాకు 28. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌గా లండన్‌లో ఉద్యోగం. నా గ్యారేజీలో అరవై ఏళ్లు దాటిన బ్రిటిష్ ఆఫ్-రోడ్ బైక్ ఒకటుంది. పేరు గ్రీవ్స్ స్కాటిష్. మీరు ఈ పేరు విని ఉండరు. రెండేళ్ల కిందటి దాకా నేనూ వినలేదు. ఆ బండి నాకు కొంచెం అప్పు మిగిల్చింది, కొంచెం బుద్ధి చెప్పింది, మా బాబాయ్‌ని కొత్తగా పరిచయం చేసింది. ఆ కథే ఇది.

కొన్నది ప్రేమతో కాదు

ముందే నిజం ఒప్పేసుకుంటా. ఈ బండిని నేను లాభం కోసం కొన్నా.

లండన్ అద్దెలకు భయపడి ఎసెక్స్ కౌంటీలో బెన్‌ఫ్లీట్ అనే ఊళ్లో ఉంటున్నా. రోజూ ట్రైనులో ఆఫీసుకు వెళ్లి రావడమే. ఆఫీసులో ఒక ఇంగ్లిష్ కొలీగ్ వీకెండ్స్‌లో పాత బైకులు కొని, కాస్త శుభ్రం చేసి, అమ్మి డబ్బులు చేసుకునేవాడు. ‘స్టాక్ మార్కెట్ కంటే ఇదే నయం’ అనేవాడు. సరిగ్గా అప్పుడే ఇంట్లో చెల్లి పెళ్లి మాటలు మొదలయ్యాయి. నాన్న నా వాటాగా ఐదు లక్షలు సర్దమన్నారు. నేనూ ఒక చెయ్యి వేద్దామనుకున్నా.

ఒక ప్రకటన కనిపించింది. వెళ్లి చూశా. చిన్న షెడ్డులో దుమ్ము పట్టిన నీలం రంగు బండి. నంబర్ ప్లేట్ లేదు, కాగితాలు లేవు. అమ్మేవాడు మాత్రం నలిగిపోయిన నలుపు తెలుపు ఫొటో జిరాక్స్ ఒకటి చూపించాడు. రాళ్ల మధ్య ఎవరో ఇలాంటి బండే నడుపుతున్నారు. ‘ఇది మామూలు బండి కాదు. కంపెనీ సొంత టీమ్ వాడిన బండి. చాలా రేర్’ అన్నాడు. ఇక్కడ అలాంటి వాటిని ‘వర్క్స్ బైక్’ అంటారు. ఆ ఒక్క మాటతో రేటు డబుల్ అవుతుంది.

2,700 పౌండ్లు ఇచ్చి తెచ్చేశా. మన లెక్కలో దాదాపు మూడు లక్షలు. నాన్నకు ఫొటో పెడితే వెంటనే ఫోన్.

“కారు కొన్నా ఒక అర్థం ఉంది. ఆ తుప్పు ఇనుము ఎందుకురా?”

బాబాయ్‌కి అదే ఫొటో పెట్టా. ఆయన అడిగిన ప్రశ్న వేరు.

“ఏందిరా అది, ముందు పైపు బదులు దూలం పెట్టారు? పోత పోసినట్టుందే!”

ఇంజినీరింగ్ చదివింది నేను. ఆ దూలాన్ని చూసింది ఆయన.

దూలం కథ

మామూలు బైక్‌ని ముందు నుంచి చూడండి. హ్యాండిల్ కింద నుంచి ఇంజిన్ ముందు దాకా ఒక స్టీల్ పైపు దిగుతుంది. గ్రీవ్స్‌కి అక్కడ పైపు ఉండదు. ‘ఐ’ అక్షరం ఆకారంలో, అల్యూమినియం మిశ్రమంతో పోత పోసిన మందపాటి దూలం ఉంటుంది. బిల్డింగుల్లో గర్డర్ వేస్తారు చూడండి, అలా. ఫ్రేములోని స్టీల్ గొట్టాలను అచ్చులో పెట్టి, వాటి చుట్టూనే కరిగిన లోహం పోసేవాళ్లు. అందుకే అతుకు ఊడే ప్రశ్న లేదు. తమ ఫౌండ్రీలో తామే పోసుకునేవాళ్లు.

రెండో వింత ముందు ఫోర్కు. మన బైకులకు ఉండే టెలిస్కోప్ గొట్టాల రకం కాదు. చక్రాన్ని రెండు పొట్టి చేతులు పట్టుకుని ఉంటాయి. ఆ చేతులు తిరిగే చోట స్ప్రింగు బదులు రబ్బరు బుష్ ఉంటుంది. చక్రం గుంతలో పడ్డప్పుడు ఆ రబ్బరు మెలి తిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. తడిబట్ట పిండి వదిలేసినట్టు. తుప్పు పట్టే స్ప్రింగు లేదు, గ్రీజు గోల లేదు.

ఇంజిన్ మాత్రం బయటిదే. ఇంగ్లండ్‌లోని వుల్వర్‌హ్యాంప్టన్‌లో విల్లియర్స్ అనే కంపెనీ ఉండేది. టూ-స్ట్రోక్ ఇంజిన్లు చేసి చిన్న చిన్న బైక్ కంపెనీలన్నిటికీ సప్లయ్ చేసేది. నా బండిలో ఉన్నది 246 సీసీ. లీటర్ పెట్రోల్‌కి 50 మిల్లీలీటర్ల ఆయిల్ కలిపి పొయ్యాలి. మొత్తం బరువు వంద కిలోలకు కాస్త అటూ ఇటూ. మన బుల్లెట్ 350లో దాదాపు సగం.

ఇంత విచిత్రమైన డిజైన్ ఎవరికి తట్టింది? ఇక్కడే నాకు మొదటి షాక్ తగిలింది. ఈ బండి పుట్టిన ఊరు థండర్స్‌లీ. నా రూమ్‌కి పక్క ఊరే! ఆ పేరుకు అర్థం ‘పిడుగు దేవుడి తోపు’ అట. రోజూ ఆ బోర్డు చూస్తూనే ఉన్నా, అక్కడొక బైక్ ఫ్యాక్టరీ ఉండేదని తెలీదు.

చక్రాల కుర్చీ, గడ్డి కోసే ఇంజిన్

రెండో షాక్ ఇంకా పెద్దది.

బెర్ట్ గ్రీవ్స్ అనే ఇంజినీర్‌కి డెర్రీ ప్రెస్టన్-కాబ్ అని ఒక కజిన్ ఉండేవాడు. పుట్టుకతోనే పక్షవాతం. చక్రాల కుర్చీలోనే జీవితం. గ్రీవ్స్ ఒకరోజు లాన్‌లో గడ్డి కోస్తుంటే ఆలోచన వచ్చిందట. ఈ గడ్డి కోసే మెషీన్ ఇంజిన్‌ని డెర్రీ కుర్చీకి బిగిస్తే? బిగించాడు. కుర్చీ పరిగెత్తింది.

అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం ముగిసింది. కాళ్లు కోల్పోయిన సైనికులు వేలల్లో ఇళ్లకు చేరారు. ఇద్దరూ కలిసి ‘ఇన్వాకార్’ అనే కంపెనీ పెట్టారు. నడవలేని వాళ్ల కోసం చేత్తో నడిపే మూడు చక్రాల చిన్న మోటారు బళ్లు చేయడమే పని. బ్రిటిష్ ప్రభుత్వం ఆర్డర్లు ఇచ్చింది. ఆ బళ్లను వికలాంగులకు ప్రభుత్వమే సమకూర్చేది. తొలినాళ్ల ఇన్వాకార్లలోనూ ఉన్నది విల్లియర్స్ ఇంజినే. రబ్బరు సస్పెన్షన్ కూడా అక్కడ మొదలైందే.

గ్రీవ్స్‌కి మోటార్‌సైకిళ్లంటే పిచ్చి. కంపెనీ నిలదొక్కుకున్నాక 1951లో ఒక బైక్ నమూనా తయారు చేయించాడు. 1953 చివర్లో గ్రీవ్స్ పేరుతో బైకులు మార్కెట్లోకి వచ్చాయి. వికలాంగుల బళ్లు, బురదలో దూకే బైకులు ఒకే కప్పు కింద తయారయ్యేవి. డెర్రీ ఆ కంపెనీలో పేరుకు మాత్రమే భాగస్వామి కాదు, అమ్మకాల బాధ్యత చూసేవాడు.

ఇది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బాబాయ్ చేత్తో తిప్పుకునే మూడు చక్రాల బండే కళ్ల ముందు కదిలింది. రెండు చేతులతో పెడల్ తిప్పుకుంటూ షెడ్డుకు వెళ్లేవాడు. ఎండాకాలం అరచేతులు బొబ్బలెక్కేవి. ఆయన చుట్టూ ఇరవై ఇంజిన్లు ఉండేవి. ఒక్కటి కూడా ఆ బండికి బిగించాలని మాలో ఎవరికీ తట్టలేదు.

బురదలో ఛాంపియన్లు

మొదట్లో ఈ చిన్న కంపెనీని పెద్దవాళ్లు లెక్క చేయలేదు. 1957లో బ్రయాన్ స్టోన్‌బ్రిడ్జ్ అనే రైడర్ ఆ లెక్క మార్చేశాడు. హాక్‌స్టోన్ పార్క్ అనే మోటోక్రాస్ ట్రాక్‌లో 197 సీసీ గ్రీవ్స్ మీద 350 సీసీ రేసు గెలిచేశాడు. అదే రోజు 500 సీసీ రేసులో రెండో స్థానం! ఆ ట్రాక్ పేరే కంపెనీ తమ మోటోక్రాస్ మోడల్‌కి పెట్టుకుంది. స్టోన్‌బ్రిడ్జ్ 1959లో యూరోపియన్ 250 సీసీ ఛాంపియన్‌షిప్‌లో రెండో స్థానంలో నిలిచాడు. అదే ఏడాది కారు ప్రమాదంలో చనిపోయాడు. కారు నడుపుతున్నది గ్రీవ్స్.

మరుసటి ఏడాది డేవ్ బికర్స్ ఆ పని పూర్తి చేశాడు. 1960, 1961.. వరుసగా రెండేళ్లు యూరోపియన్ 250 సీసీ మోటోక్రాస్ ఛాంపియన్. ఆ తర్వాత సినిమాల్లో స్టంట్‌మ్యాన్ అయ్యాడు. జేమ్స్ బాండ్ సినిమాలకూ పనిచేశాడు.

నా బండి మాత్రం మోటోక్రాస్ రకం కాదు, ‘ట్రయల్స్’ రకం. ఇది రేసు కాదు. స్పీడ్‌తో పని లేదు. రాళ్లు, బురద, వాగు, చెట్ల వేళ్లు ఉన్న దారిలో చిన్న చిన్న సెక్షన్లు గుర్తు పెడతారు. కాలు కింద పెట్టకుండా దాటాలి. ఒకసారి పెడితే 1, రెండుసార్లకు 2, అంతకంటే ఎక్కువైతే 3, బండి ఆగిపోతే 5. అందరికంటే తక్కువ మార్కులొచ్చినవాడే ఫస్ట్. మన ఎంసెట్‌కి పూర్తిగా రివర్స్ అన్నమాట.

ఈ ఆటకు పెద్ద పండగ స్కాట్లండ్ కొండల్లో, ఫోర్ట్ విలియం ఊళ్లో మే నెలలో జరిగే ఆరు రోజుల పోటీ. నా బండి మోడల్ పేరులోని ‘స్కాటిష్’ అక్కడిదే. 1969లో బిల్ విల్కిన్సన్ ఆ పోటీని గ్రీవ్స్ మీద గెలిచాడు. అక్కడ బ్రిటిష్ బండి గెలవడం అదే చివరిసారి. అప్పటికే స్పెయిన్ బైకులు వచ్చేశాయి. ఆ తర్వాత జపాన్ కూడా రంగంలోకి దిగింది. 1970ల్లో గ్రీవ్స్ బైకుల కథ ముగిసిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. కాలు కింద పెట్టకుండా గెలవాల్సిన ఆటకు బండి చేసిన కంపెనీ, కాళ్లు కదలని మనిషి కోసం మొదలైంది!

నంబర్లు ఏం చెప్పాయి?

కథలో పడిపోయి అసలు పని మర్చిపోలేదు. ‘వర్క్స్ బైక్’ అని నిరూపించాలి. అమ్మాలి. డబ్బు ఇంటికి పంపాలి.

డీబగ్గింగ్ నా ఉద్యోగం. అలాగే మొదలుపెట్టా. ఎక్సెల్ షీట్ తెరిచి, బండి మీద కనిపించిన ప్రతి నంబరూ ఎక్కించా. తుప్పు మీద సుద్దపొడి రుద్దితే చెరిగిపోయిన అంకెలు కూడా తేలతాయి. ఈ చిట్కా బాబాయ్‌దే.

ఫ్రేము నంబరు ముందు మోడల్ కోడ్ ఉంటుంది. నాదాంట్లో 24 అంటే 246 సీసీ, ‘టీ’ అంటే ట్రయల్స్. వెనక అక్షరాలను బట్టి 1960ల మొదట్లోదని తేలింది. ఇక్కడిదాకా హ్యాపీ.

ఇంజిన్ దగ్గర కథ అడ్డం తిరిగింది. విల్లియర్స్ ఇంజిన్ నంబరు ముందు కూడా ఒక కోడ్ కొట్టేవాళ్లు. ఏ రకం ఇంజిన్, ఏ బైక్ కంపెనీ కోసం అనేది దాన్ని బట్టి చెప్పొచ్చు. నా ఇంజిన్ కోడ్ గ్రీవ్స్‌ది కాదు. గ్లోస్టర్‌లో కాటన్ అనే ఇంకో కంపెనీ ఉండేది, వాళ్లకు పంపిన రకం. అంటే ఎప్పుడో ఎవరో అసలు ఇంజిన్ తీసేసి, వేరే బండిది బిగించారు. ఇలాంటి అతుకుల బండిని ఇక్కడ ముద్దుగా ‘బిట్సా’ అంటారు. దానిదో ముక్క, దీనిదో ముక్క.

‘ఇంజిన్ మారితే ఏంటి, ఫ్రేము టీమ్‌ది కావచ్చుగా’ అని నాకు నేనే సర్దిచెప్పుకున్నా. ఓనర్ల క్లబ్‌లో బళ్ల వయసు తేల్చే పెద్దాయనకు అన్ని ఫొటోలూ పంపా. మూడు వారాలకు జవాబు వచ్చింది. చాలా మర్యాదగా రాశారు. సారాంశం ఒకటే. ఇది అందరికీ అమ్మిన మామూలు ప్రొడక్షన్ బండి. టీమ్‌దని చెప్పడానికి ఎలాంటి ఆధారమూ లేదు. నేను పంపిన ఫొటోలో ఉన్నది ఇదే బండి అనడానికీ లేదు.

అమ్మినవాడికి మెసేజ్ పెట్టా. ‘నాకు కొన్నప్పుడు అలాగే చెప్పారు’ అన్నాడు. తర్వాత జవాబు లేదు.

వాట్సాప్‌లో రిపేరు

ఇంజిన్ ఎవరిదైనా ముందు నడవాలి కదా. కార్బరేటర్ కడిగా, ప్లగ్ మార్చా. స్టార్ట్ అయింది. పది నిమిషాలకు ఆగిపోయింది. చల్లారాక మళ్లీ స్టార్ట్. మళ్లీ పది నిమిషాలకు బంద్. నెల రోజులు ఇదే తంతు. వీడియోలన్నీ చూశా. కార్బరేటర్ నాలుగుసార్లు విప్పా.

చివరికి బాబాయ్‌కి వీడియో కాల్ చేశా. అక్కడ రాత్రి పదకొండు. అయినా ఎత్తాడు.

“స్టార్ట్ చెయ్. మాట్లాడమాక. ఫోన్ సైలెన్సర్ దగ్గర పెట్టు.”

విన్నాడు. బండి ఆగిపోయేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

“ఆగిపోయే ముందు టప్ టప్‌మని కొట్టుకుంది, విన్నావా? పెట్రోల్ అందకపోతే అట్టా కొట్టుకోదు, నీరసంగా పోద్ది. చల్లగా ఉన్నప్పుడు బానే ఉండి, వేడెక్కాక స్పార్క్ పోతాంది. కండెన్సర్ అబ్బాయ్. సీబీ పాయింట్ పక్కనే ఉంటది, మాగ్నెట్ చక్రం లోపల. మార్చు.”

“అది విల్లియర్స్ ఇంజిన్ బాబాయ్. నువ్వెప్పుడూ చూడలేదు కదా?”

“టూ-స్ట్రోక్ ఏ ఊళ్లో పుట్టినా టూ-స్ట్రోకే రా.”

కండెన్సర్ చిన్న వేలి కొసంత ఉంటుంది. కొన్ని పౌండ్ల ఖరీదు. మార్చా. గంటసేపు ఆగకుండా నడిచింది. నెల రోజులు నేను కార్బరేటర్‌ని తిట్టుకున్నా, పాపం అది ఏ తప్పూ చేయలేదు.

5,500 పౌండ్ల మౌనం

బండి నడుస్తోందని తెలియగానే కొలీగ్ ఒక బేరం తెచ్చాడు. కొనేవాళ్లు ఫోన్‌లో ఒక్కటే అడిగారు. ‘వర్క్స్ బైక్ అని విన్నాం. 5,500 పౌండ్లు ఇస్తాం.’ దాదాపు ఆరు లక్షలు. చెల్లి పెళ్లికి రెండు నెలలే ఉంది.

నేను అబద్ధం చెప్పక్కర్లేదు. ‘నాకు అమ్మినవాళ్లు అలా చెప్పారు’ అంటే చాలు. అది అక్షరాలా నిజం కూడా! క్లబ్ పెద్దాయన మెయిల్ నా ఇన్‌బాక్స్‌లో తప్ప ఎక్కడా లేదు. రెండు రోజులు ఫోన్ పట్టుకుని కూర్చున్నా. నాన్నకు చెబితే ‘నీ ఇష్టంరా, పెళ్లి మాత్రం ఆగకూడదు’ అన్నారు. ఆయన గొంతులో కంగారు నాకు తెలుస్తూనే ఉంది.

బాబాయ్‌కి చెప్పా. తిట్టలేదు, నీతులు చెప్పలేదు. పాత సంగతి ఒకటి గుర్తు చేశాడు.

“మన షెడ్డుకు ఒకాయన రాజ్‌దూత్ తెచ్చాడు, గుర్తుందా? కంపెనీ ఇంజిన్ అని చెప్పి ఎవరో అంటగట్టారు. నేను విప్పి నంబరు చూసి, కాదని చెప్పా. ఆయన అక్కడే కూలబడి ఏడ్చాడు. పాల బిజినెస్‌కని అప్పు చేసి కొన్నాడు. ఆ రోజు నువ్వు నా పక్కనే స్పానర్ పట్టుకుని నిలబడ్డావ్.”

గుర్తుంది. ఆ మనిషి మొహం కూడా గుర్తుంది. నా ఫోన్‌లో ఉన్న కొనుగోలుదారు అప్పు చేసి కొనే పాలవాడు కాకపోవచ్చు. కానీ ఇప్పుడు నంబరు తెలిసినవాణ్ని నేను.

క్లబ్ మెయిల్ మొత్తం వాళ్లకు ఫార్వర్డ్ చేశా. ఇంజిన్ కాటన్‌దని కూడా రాశా. ‘నిజం చెప్పినందుకు థాంక్స్’ అన్నారు. కొనలేదు.

పెళ్లి డబ్బు? బోనస్, కొంచెం క్రెడిట్ కార్డు, నా గేమింగ్ పీసీ. సర్దేశా. కార్డు బాకీ ఇంకా కడుతున్నా. ‘నిజాయితీకి బహుమతి దొరికింది’ అని రాయాలని నాకూ ఉంది. దొరకలేదు. రాత్రి నిద్ర మాత్రం పడుతోంది.

ఆ దూలం పోసిన చేతులు

ఎసెక్స్‌లో ఆదివారాలు పాత బైకులవాళ్లు టీ కోసం ఒకచోట చేరతారు. ఒకసారి నా బండిని వ్యాన్‌లో తీసుకెళ్లా. ఎనభైకి దగ్గరున్న ఒక పెద్దాయన వచ్చి, ఏమీ అడక్కుండా ఆ దూలం మీద చెయ్యి పెట్టి అలా నిలబడిపోయారు. కుర్రతనంలో థండర్స్‌లీ ఫ్యాక్టరీలో అప్రెంటిస్ అట. ఉదయం ఇన్వాకార్ పని, మధ్యాహ్నం బైకుల పని చేసిన రోజులు ఉన్నాయన్నారు.

వేరే కంపెనీ ఇంజిన్ ఉందని సిగ్గుపడుతూ చెప్పా. నవ్వేశారు. అప్పట్లో కుర్రాళ్లు శనివారం ఇంజిన్ పగలగొట్టుకుని, ఆదివారం పోటీకి పక్కింటివాడి ఇంజిన్ బిగించుకుని వచ్చేవాళ్లట. ‘అసలైన బండి అంటే వాడిన బండే’ అన్నారు.

ఇన్వాకార్లు ఏమయ్యాయని అడిగా. లేత నీలం రంగు మూడు చక్రాల బళ్లు ఒకప్పుడు ఈ దేశంలో ప్రతి ఊళ్లో కనిపించేవి. ఒక్కరే కూర్చోవాలి, గాలికి ఊగుతాయి, మంటలంటుకుంటాయన్న విమర్శలూ ఉన్నాయి. భద్రతా నిబంధనల వల్ల 2003 మార్చి 31 తర్వాత రోడ్ల మీద వాడకుండా నిలిపేశారు. ఎక్కువ భాగం తుక్కు కింద పోయాయి. మామూలు కార్లనే చేతులతో నడిపేలా మార్చి ఇచ్చే పద్ధతి అప్పటికే వచ్చేసింది. ‘లోపాలున్నాయి, నిజమే. కానీ అంతకుముందు ఇంట్లోంచి కదలని మనిషి తనంతట తాను సముద్రం చూసి వచ్చేవాడు’ అన్నారు ఆ పెద్దాయన.

ఆ మాట బాబాయ్‌కి చెప్పా. కాసేపు ఏం మాట్లాడలేదు.

“ఆ బండి హ్యాండిల్ ఎట్టా పనిచేస్తదో ఫొటోలు దొరికితే పంపు” అన్నాడు.

లాస్ట్ ర్యాంక్

పోయిన శీతాకాలం ఒక లోకల్ క్లబ్ ట్రయల్‌లో పేరిచ్చా. పొలం పక్కన అడవి, మోకాలి లోతు బురద. నా ముందు అరవై ఏళ్ల ఆవిడ బీఎస్ఏ మీద వాగు దాటేసింది, కాలు పెట్టకుండా. నేను వాగులోనే కూర్చున్నా, బండితో సహా. ఐదు మార్కులు. తర్వాతి సెక్షన్‌లో మళ్లీ ఐదు. సాయంత్రం లిస్టులో కింద నుంచి ఫస్ట్.

కానీ ఒక్క సెక్షన్, ఒకే ఒక్కటి, సున్నా. రాళ్ల మెట్టు ఎక్కి, రెండు చెట్ల మధ్య తిరిగి, దిగాలి. ముందు చక్రం రాయిని తాకినప్పుడల్లా ఆ రబ్బరు మెల్లగా మెలి తిరగడం చేతులకు తెలిసింది. ఇంజిన్ టప్ టప్ అంటూ నింపాదిగా లాక్కెళ్లింది. రెండు కాళ్లూ ఫుట్‌రెస్ట్ మీదే ఉన్నాయి.

ఆ వీడియో బాబాయ్‌కి పంపా. బాగుందని గానీ శభాష్ అని గానీ అనలేదు. ఒక ఫొటో తిరిగి పంపాడు. షెడ్డులో ఒక సెకండ్ హ్యాండ్ స్కూటర్. వెనక రెండు పక్క చక్రాలు, సీటు పక్కన కర్రల స్టాండ్. బ్రేకు, యాక్సిలరేటర్, అన్నీ హ్యాండిల్ మీదే. సెల్ఫ్ స్టార్ట్. కాలితో పనే లేదు. పక్క ఊరి నుంచి డిగ్రీ కాలేజీకి వచ్చే ఒక అమ్మాయి కోసమట. ఆర్టీవో ఆఫీసులో చూపించి, పర్మిషన్ రాయించుకున్నాకే రోడ్డెక్కించాలని కాగితాలు కూడా సిద్ధం చేస్తున్నాడు.

కింద వాయిస్ మెసేజ్.

“మీ లాన్‌మూవర్ ఆయన పని మనం అరవై ఏళ్లు లేటుగా మొదలుపెట్టాం లే. నువ్వు మాత్రం కండెన్సర్ స్పేర్ ఒకటి జేబులో ఉంచుకో. వాగులో ఆగితే నేను రాలేను.”

పాత బండి కొనాలనుకుంటున్నారా?

• కథకు కాదు, నంబరుకు డబ్బివ్వండి. ఫ్రేము నంబరు, ఇంజిన్ నంబరు ఆర్సీతో కలిశాయో లేదో కొనకముందే చూసుకోండి. నేను కొన్నాక చూశా.

• నంబరు చుట్టూ గీసినట్టున్నా, కొత్తగా వెల్డింగ్ చేసినట్టున్నా అక్కణ్నుంచి వచ్చేయండి. దొంగ బండి కావచ్చు.

• మన దేశంలో 50 ఏళ్లు దాటిన, పెద్దగా మార్పులు చేయని బళ్లకు ‘వింటేజ్’ రిజిస్ట్రేషన్ ఉంది. 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. తర్వాత రెన్యువల్‌కి 5,000. నంబర్ ప్లేట్‌లో ‘వీఏ’ అక్షరాలుంటాయి. రోజువారీ తిరుగుడుకు గానీ, వ్యాపారానికి గానీ వాడకూడదు.

• టూ-స్ట్రోక్ వేడెక్కాక ఆగిపోతుంటే ముందు కండెన్సర్ చూడండి. తర్వాతే కార్బరేటర్ విప్పండి.

• మీ ఊళ్లో పాత మెకానిక్ ఎవరో కనుక్కోండి. ఆయన షాపు మూసేలోపు వెళ్లి పక్కన పీటేసుకుని కూర్చోండి. నాకు ఈ బుద్ధి పదేళ్ల ముందే వచ్చి ఉంటే, ఒక నెల రోజులూ, మూడు లక్షలూ మిగిలేవి.